విదేశాల నుంచి కారు విడిభాగాలు తెప్పించుకుంటున్నారా? కస్టమ్స్ లెక్క డబ్బు కట్టకముందే వేసుకోండి

"ఆ పార్టు ఇప్పుడు రావట్లేదు సార్, బయట నుంచి తెప్పించుకోవాల్సిందే."

విజయవాడ ఆటోనగర్‌లో ఈ మాట రోజూ వినపడుతుంది. షెవర్లే క్రూజ్, మిత్సుబిషి పజేరో, పాత హోండా సీఆర్‌వీ లాంటి బళ్లు ఇంకా ఇళ్ల ముందు ఉన్నాయి, నడుస్తున్నాయి. వాటి భాగాలు మాత్రం షాపుల్లో నిండుకున్నాయి. జనరల్ మోటార్స్ 2017 చివరితో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీకి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. బండి మీద మమకారం ఉన్నవాళ్లు దుబాయ్, జపాన్, జర్మనీ, బ్రిటన్ షాపుల వెబ్‌సైట్లు తిరగేస్తారు. ధర చూసి "పర్వాలేదే" అనుకుని కార్డుతో కట్టేస్తారు. పది రోజులకు కొరియర్ వాళ్లు ఫోన్ చేసి డ్యూటీ ఎంతో చెప్పేసరికి గుండె గుభేల్‌మంటుంది.

కొన్ని షాపులకు దిగుమతి కాగితాల పని చూసిపెడుతూ, నా సొంత పజేరోకి కూడా భాగాలు తెప్పించుకుంటూ నేను నేర్చుకున్నది ఒకటుంది. సుంకం ఎంతో తేలేది కస్టమ్స్ కౌంటర్ దగ్గర కాదు. అమ్మేవాడు ఇన్‌వాయిస్ మీద ఏం రాశాడో, ఎంత రాశాడో, ఎక్కడ తయారైందని రాశాడో, అక్కడే చాలావరకు తేలిపోతుంది. కాబట్టి కింద చెప్పే పనుల్లో సగానికి పైగా మీరు డబ్బు కట్టకముందు చేయాల్సినవే.

మొదటి పని: ఆ వస్తువును అసలు రానిస్తారా?

సుంకం లెక్క వేసే ముందు ఇది చూడాలి. రానివ్వని వస్తువుకు ఎంత డ్యూటీ కడతామన్నా విడుదల చేయరు.

అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది వాడిన భాగాల దగ్గర. జపాన్, మలేషియా, థాయ్‌లాండ్ యార్డుల్లో పాత బళ్ల నుంచి ఊడదీసిన ఇంజన్లు, గేర్‌బాక్సులు, బండిని సగానికి కోసి అమ్మే "హాఫ్ కట్"లు ఇంటర్నెట్‌లో చాలా చవగ్గా కనిపిస్తాయి. మన విదేశీ వాణిజ్య విధానంలో, యంత్రసామగ్రి కిందికి రాని వాడేసిన సరుకంతా పరిమిత జాబితాలో ఉంది. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ కార్యాలయం) అనుమతి ముందే చేతిలో లేకపోతే అది దిగగానే కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద స్వాధీనానికి గురవుతుంది. విడిపించుకోవాలంటే 125వ సెక్షన్ కింద విమోచన జరిమానా, దాని మీద 112వ సెక్షన్ పెనాల్టీ, ఆపైన మామూలు సుంకం. చవక అనుకున్న గేర్‌బాక్సు కొత్తదాని ధరను దాటిపోతుంది. అమ్మేవాడు "గ్రేడ్ ఏ యూజ్డ్" అని రాస్తే, మీకు అనుమతి లేకపోతే, ఆ పేజీ మూసేయండి.

కొత్తవైనా కొన్నిటికి అడ్డంకులున్నాయి. కొత్త టైర్లను 2020 జూన్‌లో పరిమిత జాబితాలో చేర్చారు. టైర్లకు, వీల్ రిమ్‌లకు, బండి అద్దాలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు ఉన్నాయి. విదేశీ అల్లాయ్ వీల్స్ మీద మోజుపడే కుర్రాళ్లు ముఖ్యంగా ఇది చూసుకోవాలి. బీఐఎస్ ముద్ర లేని అల్లాయ్ ఎంత పెద్ద బ్రాండుదైనా చిక్కే. చైనా అల్లాయ్ వీల్స్ మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా వచ్చిపడే సరుకును అడ్డుకునేది) కూడా వేసిన చరిత్ర ఉంది. మీరు కొనే సమయానికి అలాంటి నోటిఫికేషన్ అమల్లో ఉందా లేదా చూడాలి. అది ఉంటే మామూలు సుంకానికి అదనం.

నకిలీల సంగతి. పెద్ద కంపెనీ లోగో వేసిన ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు పావు ధరకే దొరుకుతున్నాయంటే అనుమానించండి. మేధోసంపత్తి హక్కుల అమలుకు 2007లో తెచ్చిన నిబంధనల కింద కస్టమ్స్ అలాంటి సరుకును నిలిపేయగలదు. నకిలీ బ్రేక్ ప్యాడ్ పట్టుబడితే డబ్బే పోతుంది. పట్టుబడకపోతే అది మీ బండికే ఎక్కుతుంది, మీ పిల్లలు కూర్చునే బండికి.

విమానంలో మామూలు సరుకులా పంపడానికి ఒప్పుకోనివి వేరే ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టు ప్రీటెన్షనర్లు ప్రమాదకర సరుకు కింద, అలాంటివాటికి ఐక్యరాజ్యసమితి ఇచ్చే నంబర్లలో యూఎన్ 3268తో వెళ్లాలి. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు యూఎన్ 3164 కిందికి వస్తాయి. లిథియం బ్యాటరీలకు వాటి నిబంధనలు వాటికున్నాయి. ఈ సంగతి తెలియని చిన్న అమ్మకందారు మామూలు పెట్టెలో పెట్టి పంపేస్తాడు, స్కానింగ్‌లో అది ఆగిపోతుంది. ప్రమాదకర సరుకు పంపే ఏర్పాటు ఉందా అని ముందే అడగండి.

ఇంకొక్క మాట. కస్టమ్స్ వదిలినంత మాత్రాన ఆర్టీవో ఒప్పుకున్నట్టు కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన కొలతలను మార్చేలా బండిలో మార్పులు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పాడైన భాగం స్థానంలో అలాంటిదే వేయడం వేరు, బండి రూపమే మార్చడం వేరు.

రెండో పని: ఎనిమిదంకెల కోడ్ పట్టుకోవడం

కాస్త ఓపిగ్గా చదవండి. డబ్బు పోయేదీ మిగిలేదీ ఎక్కువగా ఇక్కడే.

ప్రపంచంలో కొనే అమ్మే ప్రతి వస్తువుకీ హెచ్ఎస్ కోడ్ ఉంటుంది. మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాల్లో ఒకటే, చివరి రెండు మనవి. మోటారు వాహనాల విడిభాగాలకు ప్రధానమైన శీర్షిక 8708. బంపర్లు 8708 10, బ్రేకులు 8708 30, గేర్‌బాక్సులు 8708 40, చక్రాలు 8708 70, షాక్ అబ్జార్బర్లు సహా సస్పెన్షన్ 8708 80, రేడియేటర్లు 8708 91, సైలెన్సర్లు 8708 92, క్లచ్‌లు 8708 93, స్టీరింగ్ 8708 94, ఎయిర్‌బ్యాగులు 8708 95. దేనికీ చెందనివి 8708 99లోకి పోతాయి.

కారుకి వాడేదంతా 8708 కాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే కోడ్‌లూ సుంకాలూ ఉండే పట్టికలో, ఈ విభాగానికి ముందు కొన్ని నోట్లు ఉంటాయి, ఏవేవి ఇందులోకి రావో అవి చెబుతాయి. ఇంజన్ లోపలి భాగాలు, పిస్టన్లు, వాల్వులు 8409. ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు 8421. ఇంధన పంపు, నీటి పంపు 8413. బేరింగులు 8482. స్పార్క్ ప్లగ్గు, స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ 8511. హెడ్‌లైట్లు, వైపర్లు 8512. వెనక చూసే అద్దం 7009. వైరింగ్ సెట్టు 8544. నట్లు, బోల్టులు 7318. స్ప్రింగులు 7320. వల్కనైజ్ చేసిన మామూలు రబ్బరు వస్తువులు 4016. సీట్లు 9401. వీటిలో అన్నిటికీ సుంకం 8708తో సమానం కాదు.

ఈ తేడా కోర్టుల దాకా వెళ్లిన సందర్భాలు చాలా ఉన్నాయి. కారులో పరిచే కార్పెట్ మ్యాట్లు కారు విడిభాగాలా, లేక తివాచీలా? యూనీ ప్రొడక్ట్స్ కేసులో 2020లో సుప్రీంకోర్టు అవి తివాచీల కిందే వస్తాయని, 5703 శీర్షికే సరైనదని తేల్చింది. కారు కోసమే కత్తిరించి కుట్టినా సరే. షాపు పెట్టుకుని మ్యాట్లు తెప్పించేవాళ్లకు ఈ తీర్పు గుర్తుండాలి.

కోడ్ పట్టుకునే పద్ధతి చెబుతాను. అమ్మేవాడిని "మీ ఎగుమతి కాగితంలో ఏ హెచ్ఎస్ కోడ్ వేస్తారు?" అని ఒక్క మెయిల్ పెట్టండి. అతను ఆరు అంకెలు ఇస్తాడు. దాన్ని మన కస్టమ్స్ టారిఫ్‌లో వెతికి మిగతా రెండంకెలు చూసుకోండి. కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లో సుంకం లెక్కించే సదుపాయం ఉంది. సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు) వాళ్ల కంప్లయన్స్ ఇన్ఫర్మేషన్ పోర్టల్‌లో కోడ్ కొడితే సుంకంతో పాటు అనుమతులు, నిబంధనలు కూడా చూపిస్తుంది. అమ్మేవాడు ఇచ్చిన కోడ్‌ను గుడ్డిగా నమ్మకండి. పెట్టెలో ఏమున్నా 8708 99 అని వేసేసేవాళ్లు చాలామంది.

ఒక పెట్టెలో ఐదు రకాలు వస్తుంటే ఐదూ విడివిడి వరుసలుగా ఇన్‌వాయిస్‌లో ఉండాలి, ఒక్కోదానికి దాని ధర, దాని కోడ్. అన్నీ కలిపి "ఆటో పార్ట్స్, ఒక లాట్" అని రాస్తే ఎక్కువ సుంకం పడే వరుసలోకే అన్నీ పోయే అవకాశం ఎక్కువ. ఒకే వస్తువును నెలనెలా తెప్పించే షాపువాళ్లు కోడ్ మీద సందేహం ఉంటే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ దగ్గర ముందే తీర్పు తీసుకోవచ్చు.

మూడో పని: విలువ ఎలా కడతారు

సుంకం వేసేది మీరు కొన్న ధర మీద మాత్రమే కాదు. వస్తువు ధర, మన దేశం చేరేవరకు రవాణా, బీమా, ఈ మూడూ కలిపిన మొత్తం మీద. దాన్నే అసెసబుల్ వేల్యూ అంటారు. 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నిబంధనల్లో పదో నిబంధన ఇది చెబుతుంది. రవాణా ఖర్చు ఎంతో తెలియకపోతే ధరలో 20 శాతం అనుకుంటారు. బీమా తెలియకపోతే 1.125 శాతం.

అదే నిబంధనలో సామాన్యుడికి పనికొచ్చే వాక్యం ఒకటుంది. విమానంలో వచ్చే సరుకుకు మీరు రవాణాకి ఎంత కట్టినా, సుంకం లెక్కలో మాత్రం అది వస్తువు ధరలో 20 శాతానికి మించకూడదు. ఇది తెలియక నేను నష్టపోయాను.

నా పజేరో రేడియేటర్ సంగతి అది. రేడియేటర్ బరువు పెద్దగా ఉండదు గానీ పెట్టె పెద్దది. కొరియర్ వాళ్లు బరువు తూచి ఊరుకోరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగించి, అసలు బరువు కంటే అది ఎక్కువొస్తే దానికే డబ్బు తీసుకుంటారు. 80, 60, 20 సెంటీమీటర్ల పెట్టె అనుకోండి, 19.2 కిలోలు అవుతుంది. లోపలున్నది అందులో సగం బరువు కూడా ఉండదు. అలా రవాణా ఖర్చు తడిసి మోపెడయింది. ఇంటికొచ్చిన బిల్లులో ఆ రవాణా మొత్తాన్నీ కలిపి సుంకం వేశారు. నేను చూసుకోలేదు. కట్టేశాను. కొన్ని నెలల తర్వాత ఒక షాపు కాగితాలు చూస్తుంటే ఆ 20 శాతం వాక్యం కంటపడింది. ఇంటికెళ్లి పాత బిల్లు తీసి చూసుకుంటే ఉసూరుమంది.

ధర విషయంలో ఇంకోటి. బ్రిటన్‌లో 20 శాతం, జర్మనీలో 19, జపాన్‌లో 10, యూఏఈలో 5 శాతం అక్కడి పన్ను ధరలో కలిసి ఉంటుంది. దేశం దాటే సరుకుకు ఆ పన్ను తీసేసి అమ్మే వీలు అమ్మకందారులకు ఉంటుంది. అడగాలి, అంతే. అడగకపోతే ఆ పన్ను కడతారు, దాని మీద మళ్లీ మన సుంకమూ కడతారు. కొందరు చిన్న షాపులవాళ్లు ఒప్పుకోరు, వేరే షాపు చూసుకోండి.

డాలరును రూపాయల్లోకి మార్చేది గూగుల్ చూపించే రేటుతో కాదు. కస్టమ్స్ ప్రకటించే దిగుమతి మారకపు రేటు ఉంటుంది, ఐస్‌గేట్‌లో దొరుకుతుంది.

నాలుగో పని: లెక్క

8708 కింద వచ్చే చాలా భాగాలకు బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 15 శాతం. ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, అంటే విలువలో ఒకటిన్నర శాతం. విలువకు ఈ రెండూ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకుముందు అన్నీ కలిపితే విలువలో 49.12 శాతం పడేది. ఇప్పుడు 37.47 శాతం. పాత వ్యాసాలు, పాత వీడియోలు చూసి లెక్కవేసుకున్నవాళ్లు ఇది సరిచేసుకోండి.

30,000 రూపాయల రేడియేటర్, 18,000 విమాన కొరియర్ ఖర్చు అనుకుని చూద్దాం. బీమా ఎంతో తెలియదు.

వస్తువు ధర: 30,000
రవాణా, 20 శాతం హద్దుతో: 6,000
బీమా, 1.125 శాతం: 338
సుంకం వేసే విలువ: 36,338
బేసిక్ డ్యూటీ 15 శాతం: 5,451
సర్‌చార్జి, డ్యూటీలో 10 శాతం: 545
ఐజీఎస్టీ వేసే మొత్తం: 42,334
ఐజీఎస్టీ 18 శాతం: 7,620
కట్టాల్సిన సుంకం: 13,616

ఆ 20 శాతం హద్దు మరిచిపోయి 18,000 మొత్తం కలిపితే సుంకం 18,112 అవుతుంది. దాదాపు 4,500 రూపాయల తేడా, ఒక్క వాక్యానికి.

రేడియేటర్, కొరియర్, సుంకం కలిపితే 61,616. పైన కొరియర్ కంపెనీ మీ తరఫున డ్యూటీ కట్టినందుకు వేసే రుసుము, దాని మీద జీఎస్టీ. వెబ్‌సైట్లో చూసిన ధరకు రెట్టింపు దాటింది. ఇదే సంఖ్య పెట్టుకుని ఆటోనగర్‌లో పాత రేడియేటర్‌కి కోర్ మార్పించడానికి ఎంతవుతుందో అడగండి. చాలాసార్లు అదే మేలు. తెప్పించడమంటే నాకు ఇష్టమే, కానీ లెక్క ఒప్పుకోనప్పుడు వద్దనే చెబుతాను.

జీఎస్టీ నమోదున్న షాపులకు లెక్క వేరు. ఆ 7,620 ఐజీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా (కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా) వెనక్కి వస్తుంది, బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కు దాఖలు చేసే దిగుమతి పత్రంలో, మీ జీఎస్టీ నంబరు ఉండాలి, అంతే. బేసిక్ డ్యూటీ, సర్‌చార్జి మాత్రం ఖర్చే.

ఏ రోజు రేటు వర్తిస్తుందంటే, మీరు కొన్న రోజుది కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన రోజు, లేదా సరుకు మోసుకొచ్చిన విమానం చేరిన రోజు, రెండిట్లో ఏది తర్వాతైతే అది. బడ్జెట్ ముందు జనవరి ఆఖర్లో ఆర్డరు పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఐదో పని: ఒప్పందాల రాయితీ వస్తుందేమో చూడటం

కొరియాతో, ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాలతో 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి, యూఏఈతో 2022 మే నుంచి మనకు వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. వీటి కింద కొన్ని విడిభాగాలకు బేసిక్ డ్యూటీ తగ్గుతుంది, కొన్నిటికి సున్నా అవుతుంది. కానీ దానికి ఆ సరుకు అక్కడే తయారైందని ఆ దేశపు అధికారిక సంస్థ ఇచ్చిన మూల ధ్రువీకరణ పత్రం ఉండాలి. 2020 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన కరోటార్ నిబంధనల (సరుకు ఏ దేశానిదో తేల్చే నిబంధనలు) ప్రకారం, అది ఆ దేశంలో ఎలా తయారైందో కూడా దిగుమతిదారు దగ్గర వివరం ఉండాలి.

ఒక పెట్టె తెప్పించుకునేవాడికి చిన్న అమ్మకందారు ఆ పత్రం తెచ్చిపెట్టడం దాదాపు జరగదు. షాపులకు, నేరుగా తయారీదారు దగ్గర కొనేవాళ్లకు మాత్రం ఇది పెద్ద ఆదా. ఒక పొరపాటు తరచూ చూస్తుంటాను. దుబాయ్ షాపులో కొన్నారు కాబట్టి యూఏఈ ఒప్పందం వర్తిస్తుందనుకుంటారు. జపాన్‌లో తయారై దుబాయ్ గోడౌన్‌లో ఉన్నది యూఏఈ సరుకు కాదు. అలాగే జపాన్ బ్రాండు పెట్టె మీద అడుగున చిన్న అక్షరాల్లో వేరే దేశం పేరు ఉండొచ్చు. పెట్టె ఫోటో అడిగి చదవండి.

ఆరో పని: ఇన్‌వాయిస్ మీరే దగ్గరుండి రాయించండి

అమ్మేవాడికి నేను పంపే మెయిల్లో కోరేది ఇది: వస్తువు పేరు, ఏ బండికి, ఏ మోడల్‌కి, తయారీదారు పార్ట్ నంబరు, "కొత్తది, వాడనిది" అన్న మాట, ఎన్ని, ఒక్కోటి ఎంత, ఏ కరెన్సీలో, తయారైన దేశం, ఆరంకెల కోడ్, స్థానిక పన్ను తీసేసిన ధర, రవాణా ఖర్చు విడిగా, బీమా విడిగా. నా పేరు ఆధార్‌లో ఉన్నట్టే. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొరియర్ కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) దగ్గర పేరు కలవక ఆగిపోయిన పెట్టెలు చాలా చూశాను.

"ధర తక్కువ వేసి పంపమంటారా?" అని కొందరు అమ్మకందారులు తామే అడుగుతారు. వద్దని చెప్పండి. అదే పార్టు ఇదివరకు ఎంతకు వచ్చిందో కస్టమ్స్ దగ్గర సమాచారం ఉంటుంది. ప్రకటించిన విలువ మీద సందేహం వస్తే దాన్ని తోసిపుచ్చే అధికారం వాళ్లకుంది, తప్పుడు ప్రకటనకు సరుకు స్వాధీనం చేసుకునే అధికారమూ ఉంది. దారిలో పెట్టె పోతే బీమా కూడా ఆ తక్కువ ధరకే వస్తుంది.

"గిఫ్ట్" అని రాయించడం ఇంకా పొరపాటు. పోస్టులో, కొరియర్‌లో సుంకం లేకుండా బహుమతులు తెప్పించుకునే వెసులుబాటును 2019 డిసెంబరులో తీసేశారు. ప్రాణరక్షక మందులు, రాఖీలు మాత్రమే మినహాయింపు. అమెరికాలో ఉన్న అన్నయ్య పంపినా సుంకం కట్టాల్సిందే.

ఏడో పని: ఏ దారిలో తెప్పించాలి

సొంత వాడకానికి ఒకటి రెండు భాగాలైతే కొరియర్. ఐఈసీ (దిగుమతి, ఎగుమతి వ్యాపారానికి ఇచ్చే కోడ్) అక్కర్లేదు. కేవైసీ పత్రాలు ఇస్తే బిల్లు వాళ్లే దాఖలు చేస్తారు. అయితే సొంత వాడకం సరుకుకు టారిఫ్ 98వ అధ్యాయంలో ప్రత్యేక శీర్షిక ఉంది, దాని సుంకం 8708ది కాదు. మీ పెట్టెను ఏ శీర్షిక కింద వేస్తున్నారో సరుకు చేరకముందే కొరియర్ వాళ్లను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పైన వేసిన లెక్క 8708 కిందే.

షాపువాళ్లకు ఐఈసీ తప్పదు. డీజీఎఫ్‌టీ సైటులో పాన్‌తో, 500 రూపాయల రుసుముతో వస్తుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వివరాలు మారినా మారకపోయినా ధ్రువీకరించాలి, లేకపోతే అది నిలిచిపోతుంది. చిల్లరగా అమ్మే సరుకుకు దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉన్న లేబుల్ కూడా కావాలి.

బరువైన సరుకు ఓడలో చెన్నైకో విశాఖకో వస్తుంది, హైదరాబాద్‌వాళ్లకు తిమ్మాపూర్ ఇన్‌లాండ్ డిపో దాకా కూడా తెప్పించుకోవచ్చు. కంటెయినర్‌లో కొంత చోటు మాత్రమే తీసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఓడ ఛార్జీ చూస్తే నవ్వొచ్చేంత తక్కువ ఉంటుంది, దిగాక ఇక్కడి ఏజెంటు వేసే ఖర్చులు దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. గమ్యస్థానం ఖర్చులన్నీ మెయిల్లో తీసుకున్నాకే ఒప్పుకోండి.

దుబాయ్ నుంచి, కువైట్ నుంచి వచ్చే మన ఊరివాళ్ల సూట్‌కేసులో ఒక సెన్సరో, లైటో తెప్పించుకోవడం మామూలే. అది వాళ్ల బ్యాగేజీ ఉచిత పరిమితిలో లెక్కకొస్తుంది. పరిమితి దాటితే రెడ్ చానల్‌లో చెప్పి సుంకం కట్టాలి. ఒకే రకానివి పది తెస్తే అది వ్యాపారం కింద చూస్తారు. ఎయిర్‌బ్యాగ్, గ్యాస్ షాక్ అబ్జార్బర్ మాత్రం ఎవరి సూట్‌కేసులోనూ పెట్టించకండి. వాళ్ల ప్రయాణం చిక్కుల్లో పడుతుంది.

ఎనిమిదో పని: బిల్ ఆఫ్ ఎంట్రీని చదవడం

కొరియర్ వాళ్లో, కస్టమ్స్ బ్రోకరో దాఖలు చేసే ముందు చెక్‌లిస్టు పంపమని అడగండి. అందులో ఐదు చోట్ల వేలు పెట్టి చూడండి: కోడ్, ధర, రవాణా, మారకపు రేటు, రాయితీ నోటిఫికేషన్ నంబరు. విమానంలో వచ్చింది కాబట్టి రవాణా వస్తువు ధరలో 20 శాతం దాటితే అక్కడికక్కడే చెప్పాలి. దాఖలు కాకముందు ఒక ఫోన్‌తో పోయేది, తర్వాత నెలలు పడుతుంది.

బ్రోకర్‌తో చేయించుకునేవాళ్లు తేదీలు చూసుకోవాలి. బిల్లు ఆలస్యంగా దాఖలైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయల రుసుము. సుంకం సమయానికి కట్టకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. గోడౌన్ అద్దె వేరే. 30 రోజుల్లో విడిపించుకోని సరుకును అమ్మేసే అధికారం 48వ సెక్షన్ ఇస్తుంది.

2020 నుంచి మదింపు (సుంకం ఎంతో తేల్చడం) ముఖరహితం, అంటే అధికారీ మీరూ ఎదురుపడరు. శంషాబాద్‌లో దిగిన మీ పెట్టె బిల్లును వేరే రాష్ట్రంలో కూర్చున్న అధికారి చూడొచ్చు. ఆయన పార్టును చూడలేడు, మీ కాగితాలే చూస్తాడు. సందేహం వస్తే ఆన్‌లైన్‌లో ప్రశ్న పెడతాడు. అందుకే కంపెనీ క్యాటలాగ్ పేజీ, పార్ట్ ఫోటో, కార్డు చెల్లింపు రసీదు ముందే ఒక ఫైలులో సిద్ధంగా ఉంచుకోవాలి. జవాబు ఆ పూటే వెళితే పని ఆ పూటే కదులుతుంది.

బిల్లు తప్పుపడితే

కట్టేశాక తప్పు కనిపిస్తే నేరుగా రిఫండ్ అడిగితే రాదు. ముందు ఆ మదింపునే సరిచేయించాలని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ఉన్న దారుల్లో రెండు చెబుతాను. సరుకు విడుదలయ్యేనాటికే ఉన్న పత్రాల ఆధారంగా 149వ సెక్షన్ కింద బిల్లు సవరించమని అడగడం ఒకటి. 128వ సెక్షన్ కింద 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి వెళ్లడం రెండోది. సవరణ వచ్చాక 27వ సెక్షన్ కింద రిఫండ్ దరఖాస్తు, దానికి గడువు ఏడాది. నా రేడియేటర్ బిల్లుకు అప్పీలు గడువు దాటిపోయాకే నాకు తప్పు తెలిసింది. మీరు పెట్టె విప్పిన రోజే బిల్లు కూడా విప్పి చదవండి.

తప్పు పార్టు వస్తే

ఎడమ వైపుది కోరితే కుడిది వస్తుంది, డీజిల్ మోడల్‌ది అడిగితే పెట్రోల్‌ది వస్తుంది. వెంటనే తిరిగి కొరియర్‌లో పడేయకండి. 74వ సెక్షన్ కింద, దిగుమతి చేసుకున్న వస్తువును వాడకుండా, సుంకం కట్టిన రెండేళ్లలోపు తిరిగి ఎగుమతి చేస్తే కట్టిన సుంకంలో 98 శాతం డ్రాబ్యాక్‌గా తిరిగొస్తుంది. అయితే వచ్చిన వస్తువే వెనక్కి వెళుతోందని అధికారి గుర్తుపట్టగలగాలి, షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి దాఖలు చేసే పత్రం) డ్రాబ్యాక్ కోరుతున్నట్టు ఉండాలి. కాబట్టి పెట్టె విప్పేటప్పుడు లేబుల్, పార్ట్ నంబరు, సీలు కనిపించేలా ఫోటోలు తీయండి, బండికి బిగించి చూడకండి, దిగుమతి బిల్లు, ఇన్‌వాయిస్, సుంకం కట్టిన రసీదు పెట్టెతో పాటే ఉంచండి. చిన్న మొత్తాలకు బ్రోకర్ ఖర్చు డ్రాబ్యాక్‌ను మింగేస్తుంది. అప్పుడు అమ్మేవాడితో మాట్లాడి కొంత డబ్బు వెనక్కి తీసుకుని, ఆ పార్టును ఆ మోడల్ ఉన్న మరో యజమానికి ఇక్కడే ఇచ్చేయడం నయం.